పొగ పట్టిన పీపా

మొన్నొక శనివారం ఫ్రీమాంట్‌కు దగ్గర్లోని డబ్లిన్‌లో మా అమ్మాయి స్నేహితురాలు కొత్త ఇల్లు కొనుక్కుంటే వెళ్ళాం. పొద్దున వ్రతం, సాయంత్రం పార్టీ. ఇప్పుడు అందరూ అలాగే చేస్తున్నారు, పొద్దున వచ్చిన పురోహితుడికి సాయంత్రం సంగతి తెలియనక్కర్లేదు. పెరట్లో నేనొక్కణ్ణే కూర్చున్నానని జాలేసిందేమో, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్రవాడు గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "అంకుల్, ఇది స్మాల్ బ్యాచ్ పినో న్వార్ వైన్. కొంచెం స్మోకీ ఉంటది, ట్రై చేయండి," అన్నాడు. అతని లెక్కలో అది మెచ్చుకోలు. గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్ళి, తాగకుండానే పక్కన పెట్టేశాను. మా ఆవిడ దూరం నుంచి చూసింది. ఇంటికి వచ్చేదాకా కారులో ఇద్దరం ట్రాఫిక్ గురించే మాట్లాడుకున్నాం, ఆ గ్లాసు ఊసెత్తితే వాళ్ళ అక్కయ్య మాట, మా తోడల్లుడి మాట వస్తుందని ఇద్దరికీ తెలుసు.

మా ఆవిడ అక్కయ్య భర్త నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. మేము కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు దిగింది ఫ్రీమాంట్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే. డ్రైవింగ్ నేర్పింది ఆయన, మొదటి సూటు కొనిపించింది ఆయన, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడకూడదో చెప్పింది ఆయన. మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఈ ఊళ్ళో ఒక చుట్టం ఉండడమంటే ఒక ఊరు ఊరంతా ఉన్నట్టే.

ఆయనకు ముక్కు వరం. ఒంగోలు దగ్గర పొగాకు పండించే ఇంట్లో పుట్టాడు. కాల్చిన ఆకును చేత్తో నిమిరి, వాసన చూసి రకాలు వేరుచేసే తండ్రి పక్కన పెరిగాడు. చిప్ డిజైన్ ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నా ఆ ముక్కు మాత్రం పోలేదు. మా ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే పప్పులో ఇంగువ మార్చారా అని అడిగేవాడు. పాలు రేపటికి విరుగుతాయని ఇవాళే చెప్పేవాడు. మా వదినగారు విసుక్కునేది గాని, ఆ విసుగులో ఆవిడ గర్వం నాకు తెలిసేది.

ఉద్యోగాలు ఊడిపోతున్న రోజుల్లో మా ఇద్దరికీ ఒకే నెలలో పోయాయి. పొద్దున్నే ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మగవాళ్ళు ఇంట్లో ఎంత అడ్డమో అప్పుడు తెలిసింది. ఆయన పాత మేనేజరు ఒకాయన అప్పటికే రిటైరై శాంటా క్రూజ్ కొండల్లో ఉండేవాడు. ఇంటి వెనక ఏటవాలులో కాస్త పినో న్వార్ తోట వేసుకున్నాడు, ఆ ఏడాది కాపు ఆయనకు ఎక్కువైంది. కావాలంటే కోసుకుపొమ్మన్నాడు. ఊరికే చూద్దామని వెళ్ళిన వాళ్ళం ట్రక్కు అద్దెకు తీసుకుని మరీ తిరిగొచ్చాం.

ఆ ద్రాక్ష సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. నల్ల ద్రాక్షల్లో ఇది మహా సుకుమారం. గుత్తి గుప్పిట్లో ఇమిడిపోతుంది, పళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి, తొక్క ఉల్లిపొరలా పలచన. ఎండ మించితే ఎండుద్రాక్ష అవుతుంది, మంచు మించితే కుళ్ళిపోతుంది. అందుకే దీంతో మంచి వైన్ చేయడం కష్టమంటారు, చేస్తే దానికి సాటి లేదంటారు.

పూజగది ఉన్న ఇంట్లోకి అది రావడానికి వీల్లేదని వదినగారు కచ్చితంగా చెప్పేసింది. కనక మా వైన్ అంతా వాళ్ళ గరాజ్‌లోనే తయారైంది. కార్లు బయట ఎండలో ఉండేవి, పీపాలు లోపల చల్లగా ఉండేవి. పండు తొడిమలు తీసి పెద్ద ప్లాస్టిక్ తొట్టెల్లో పోస్తే రెండు మూడు రోజులకు పొంగడం మొదలయ్యేది. తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా మేట వేసేవి. ఆ మేట ఎండిపోకుండా పొద్దునా సాయంత్రమూ పొడుగాటి తెడ్డుతో కిందికి తొక్కాలి. తొక్కినప్పుడల్లా వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టేది, అందులో గులాబీలు, తేనె, పులిసిన దోసెల పిండి అన్నీ కలిసి ఉండేవి. దోసెల పిండి మాట విని వదినగారు మొదటిసారి గరాజ్‌లోకి తొంగి చూసింది. పులియడం గురించి మీకేం తెలుసని మమ్మల్ని పక్కకు జరిపి, తొట్టె మీద దుప్పటి కప్పి, రాత్రి చలికి అది ఆగిపోకుండా కాపాడింది కూడా ఆవిడే. చుక్క నోట పెట్టకుండా.

మొదటి ఏడాదిది వినిగర్‌కు కాస్త ఇటు. మూడో ఏడాదికి మనుషులు తాగేలా వచ్చింది. తరవాత ఉద్యోగాలు మళ్ళీ వచ్చాయి, పిల్లలు పెద్దయ్యారు, కాని సెప్టెంబర్ వస్తే చాలు, ఎన్ని మీటింగులున్నా సెలవు పెట్టి చీకటి ఉండగానే కొండకు బయల్దేరేవాళ్ళం. ఏడాదికి ఒకే ఒక పీపా, మూడు వందల సీసాల దాకా. అమ్మకూడదు, అమ్మాలని మాకూ లేదు. పీపాలోంచి గాజు గొట్టంతో కాస్త తీసి, గ్లాసు కాంతికి పట్టి, ఆయన కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. పుస్తకాల్లో రాసే మాటలు ఆయనకు పట్టేవి కావు. రేగుపళ్ళు, ఎండిన గులాబీ రేకులు, తొలి వానకు తడిసిన పొగాకు చేను, ఇవీ ఆయన మాటలు. నాకు ముక్కు లేదు. ఆయన చెప్పాక వెతుక్కుంటే అవి నాకూ దొరికేవి. అలా ఆయన వెంట ఏళ్ళ తరబడి వెతుక్కుని వెతుక్కుని, నాకంటూ కాస్త ముక్కు అబ్బింది.

కోవిడ్ వచ్చిన వేసవిలో ఆయనకు జ్వరం వచ్చింది. రెండు వారాలు మేడమీద గదిలో ఒక్కడే ఉన్నాడు. వదినగారు గుమ్మం దగ్గర కంచం పెట్టి వచ్చేది. లేచి తిరుగుతున్నాడని విని ఊపిరి పీల్చుకున్నాం. ఆ వెంటనే కొండలు అంటుకున్నాయి. వాన లేని పిడుగులు పడి అడవులు కాలాయి. ఫ్రీమాంట్‌లో ఒక రోజు మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకున్నాం, ఆకాశం పసుపు నీళ్ళలో సున్నం కలిపినట్టు ఎర్రగా ఉంది. తోట మాత్రం దక్కింది. మంట అవతలి గట్టునే ఆగిపోయిందని ఆ పాత మేనేజరు ఫోన్ చేశాడు. కాని వారాల తరబడి పొగలో ఉన్న పండు, తాను కోయడం లేదని, కోసుకోవాలో వద్దో మీ ఇష్టమని చెప్పాడు.

ఆ ఏడాది మానుకుని ఉంటే సరిపోయేది. కాని మరుసటి ఏడాది వాళ్ళ అమ్మాయి పెళ్ళి. రిసెప్షన్‌లో అందరి చేతుల్లోనూ నాన్న చేసిన వైనే ఉండాలని ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ అంటూ ఉండేది. మాస్కులు కట్టుకుని వెళ్ళి కోసుకొచ్చాం. పొంగింది, పిండాం, పీపాలో పోశాం. అప్పటికి బాగానే ఉంది. పొగ గుణం అంతేనట. తొక్కలోంచి రసంలో కలిసి చక్కెరను పట్టుకుని దాక్కుంటుందట, నెలలు గడిచేకొద్దీ బయటపడుతుందట, కొంత తాగేవాడి నోట్లోకి వెళ్ళాక గాని పడదట.

చలికాలంలో ఒక ఆదివారం పీపా తెరిచి ఇద్దరం రుచి చూశాం. మొదట రేగుపళ్ళే. మింగాక మాత్రం నాలుక మీద బూడిద మిగిలింది, తడిసిన బొగ్గు నాకినట్టు. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు. బ్రహ్మాండం అన్నాడు. నేను తటపటాయిస్తూ, పొగ తెలుస్తోంది అన్నయ్యా అన్నాను. ఇది పారబోసి, పెళ్ళికి బయట కొందామన్నాను.

ఆయన గ్లాసు దించి నా వంక చూశాడు. "ఇన్నేళ్ళు నేను చెబితే తెలుసుకున్నావు. ఇప్పుడు నువ్వు నాకు చెబుతున్నావా?"

పొగ కొందరి నాలుకకు అసలు తెలియదని నేనూ చదివాను. గురువు నాలుక తప్పో, శిష్యుడి నాలుక తప్పో తేల్చేవాళ్ళెవరు? ల్యాబుకు పంపుదామంటే ఆ ఏడాది అందరిదీ అదే గోడు, ల్యాబులు కొత్తవి తీసుకోవడం లేదు. వదినగారి దగ్గరకు వెళ్ళి, పెళ్ళికి వేరేది కూడా కొన్ని పెట్టెలు తెప్పించి ఉంచమన్నాను. ఆవిడ ముఖం తెల్లబోయింది. ఏదో చెప్పబోయి, పొయ్యి మీద పాలున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. సీసాల్లో నింపే రోజున వెళ్ళాను, బిరడాలు బిగించాను. పని కాగానే కాఫీకి ఆగకుండా వచ్చేశాను.

పెళ్ళి మన పద్ధతిలో బాగా జరిగింది. సాయంత్రం రిసెప్షన్ లివర్‌మోర్‌లో ఒక తోటలో. పెళ్ళికొడుకు వాళ్ళు తరాలుగా ఇక్కడివాళ్ళు, అతని తండ్రికి వైన్ అంటే ప్రాణం. వధువు తండ్రి స్వయంగా చేశాడని చెప్పి అందరికీ పోశారు. వియ్యంకుడు గ్లాసెత్తాడు, ఒక గుక్క తాగాడు, నవ్వు చెరగకుండానే గ్లాసును పూలకుండీ వెనక పెట్టాడు. తరవాత నేను గమనించింది బల్లలే. ప్రతి బల్ల మీదా నిండు గ్లాసులు. తాగేవాళ్ళూ తాగనివాళ్ళూ ఒకటే అయిపోయారు. కాసేపటికి పెళ్ళికూతురు తండ్రి దగ్గరకు వచ్చి, "డాడీ, ఇట్స్ ఓకే, బార్‌లో వేరే వైన్ ఓపెన్ చేయమని చెప్పాను," అని ఆయన చెయ్యి నిమిరింది. ఆ పిల్ల అంత మెల్లగా చెప్పకపోయినా బాగుండేది.

అందరూ వెళ్ళాక పార్కింగ్‌లో ఆయన నా కారు దగ్గరకు వచ్చాడు. "నువ్వే అందరికీ ముందుగా చెప్పావు కదా," అన్నాడు. వేరే పెట్టెలు తెప్పించమని వదినగారితో అన్నది తప్పిస్తే నేను ఒక్క ప్రాణికి చెప్పలేదు. ఆ మాటే అన్నాను. ఆయన నమ్మలేదు. నేను ప్రమాణం చేయబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

అసలు సంగతి కొన్ని నెలలకు బయటపడింది. వదినగారు మా ఇంటికి ఒక్కర్తే వచ్చి, వంటింట్లో చెల్లెలి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ వేసవి జ్వరంతో ఆయనకు వాసన పూర్తిగా పోయిందట. కాఫీ లేదు, ఇంగువ లేదు. స్టవ్ వెలగక గ్యాస్ ఇల్లంతా నిండినా పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడట. తిరిగి వస్తుందని ఎదురుచూశాడు, రాలేదు. డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడట. ఆ చలికాలం పీపా ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషికి ఏ వాసనా తెలియలేదన్నమాట. పాత ఏళ్ళు గుర్తు తెచ్చుకుని చెప్పాడు.

ఆ రోజే వెళ్ళాను. గరాజ్‌లో ఒక్కడే తొట్టెలు కడుగుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరో కొనుక్కున్నారట, తీసుకెళ్ళడానికి వస్తారట. వదిన చెప్పిందని చెప్పాను. నాకు ముందే చెప్పి ఉండాల్సిందన్నాను.

"చెబితే ఏం చేసేవాడివి?"

"మీ బదులు నేను వాసన చూసేవాణ్ణి అన్నయ్యా."

చేతిలో గొట్టం అలాగే పారుతోంది. నీళ్ళు ఆయన చెప్పులు తడుపుకుంటూ వాకిట్లోకి పోతున్నాయి. "అదే వద్దనుకున్నాను," అన్నాడు.

నేను ఎంతో మంచి మాట అన్నాననుకున్నాను. ఆయనకది ఎలా వినిపించిందో తరవాత అర్థమైంది. కాని అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. వైన్ పోనీ, నలుగురిలో పరువు పోనీ, కూతురి ముందు చిన్నబోవడమైనా పరవాలేదు గాని, ఈ ఒక్క మాట నాకు తెలియకూడదనుకున్నాడు. పైగా తప్పు నా మీదకు తోశాడు. ఒక పీపాకు చెరో పక్క నిలబడి అన్నేళ్ళు గడిపాక కూడా, ఆయన భయపడింది నాకే.

ఇల్లు అమ్ముకుని కూతురి దగ్గరకు, దేశం అవతలి కొసన ఉన్న మోరిస్‌విల్ వెళ్ళిపోయారు. పండగలకు ఫ్యామిలీ గ్రూపులో శుభాకాంక్షలు పెడతాడు, అందరికీ కలిపి. కిందటేడు మనవడి మొదటి పుట్టినరోజుకు వదినగారు మరీ మరీ పిలిస్తే వెళ్ళాం. ఆయనే తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి నవ్వాడు, చెయ్యి కలిపాడు. "రండి, లోపలికి రండి. ఫ్లైట్ లేట్ అవ్వలేదు కదండీ?" అన్నాడు.

నా పెళ్ళిలో పరిచయమైన రోజు నుంచీ నన్ను నువ్వు తప్ప మరో మాట అనని మనిషి. రెండు రోజులున్నాం. మీరు తినండి అన్నాడు, మీరు పడుకోండి అన్నాడు, ఎయిర్‌పోర్టుకు నేను దింపుతాను మీకెందుకు శ్రమ అన్నాడు. మా ఆవిడేమో, బావగారు ఎంత బాగా చూసుకున్నారో అని సంతోషించింది. నేను విమానంలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మనం వచ్చిన కొత్తలో ఈ దేశంలో మనకు పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒకరి ఇంట్లో ఒకరం చెప్పకుండా దిగేవాళ్ళం, అడక్కుండా ఫ్రిజ్ తెరిచేవాళ్ళం, కోప్పడేవాళ్ళం, తిట్టుకుని మళ్ళీ మర్నాడే ఒకే కారులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు వెళ్ళాలంటే ముందు మెసేజ్ పెడతాం, వెళ్ళాక ఎక్కువసేపు కూర్చోం, తగువులు లేవు. పెద్ద ఇళ్ళు, పెద్ద కార్లు, పిల్లల పెద్ద ఉద్యోగాలు, అన్నీ అమిరాయి. మర్యాద కూడా.