కుట్టుకి వదిలిన అంచు

స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో ఆమె కటింగు మాస్టరు. పద్దెనిమిదేళ్లుగా కత్తెర ఆమె చేతిలోనే ఉంది కాబట్టి అందరికీ ఆమె మాస్టరమ్మ. ముప్పై ఆరో ఏట యూనివర్సిటీలో చేరింది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి షాపు. ప్రధాన సబ్జెక్టు చరిత్ర అన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండో సబ్జెక్టు సినిమా అనేసరికి, ఆమెను పెంచి పెద్ద చేసిన పెద్దమ్మ చేతిలోని పని ఆపింది. ఇంట్లోనే కూర్చుని పాత బట్టలు సరిచేయడం పెద్దమ్మ పని.

"సినిమా చూడ్డానికి యూనివర్సిటీ ఎందుకే? ఇంట్లో టీవీ ఉందిగా."

మాస్టరమ్మ కారణం వేరు. చెబితే పెద్దమ్మ ఇంకా నవ్వేది. సినిమాలో మనిషి గదిలో తలుపు తీస్తాడు, మరుక్షణం వీధిలో ఉంటాడు. ఆ రెండు ముక్కలనూ ఎక్కడ అతికారో ఎంత కళ్లు చికిలించి చూసినా ఆమెకు దొరికేది కాదు. అతుకు కనిపించకుండా కుట్టడం ఎంత కష్టమో తెలిసిన మనిషి. ఆ కిటుకేదో తేల్చుకోవాలని పంతం పట్టింది.

ఏడాది చివర ఐదు నిమిషాల సినిమా తీసి చూపించాలి. నలభై మార్కులు రాకపోతే సినిమా చదువు అంతటితో సరి, ఖాళీ ఉన్న ఇంకేదో సబ్జెక్టు అంటగడతారు. మాస్టరమ్మ పెద్దమ్మనే తీసింది. పొట్టయిపోయిన గౌను కుట్లు విప్పి, ఎదిగిన పిల్లకు సరిపోయేలా వదులు చేసే పని. పెద్దమ్మ కెమెరా వంక చూడనైనా చూడలేదు.

"కానీయ్, నీ ఆట నీది," అంది.

పరీక్షకు వారం ముందు క్లాసులో వేసి చూశారు. రెండు నిమిషాలు కాకముందే లెక్చరరు ఆపేశారు.

"ఆవిడ బ్లేడు అందుకోకముందు మూడు సెకన్లు, అందుకున్నాక మూడు సెకన్లు ఊరికే ఎందుకు చూస్తున్నాం? ప్రతి షాటుకీ ఇదే తంతు."

"కుట్టుకి వదిలానండీ," అంది మాస్టరమ్మ.

క్లాసంతా గొల్లుమంది. ఆమె హాస్యమాడలేదు. గీసిన గీతకు వేలెడు బయటగా గుడ్డ కోయడం ఆమె చేతికి పట్టేసిన అలవాటు. గీత మీదే కోస్తే కుట్టడానికి అంచు మిగలదు. సినిమా ముక్కలకూ రెండు వైపులా అలాగే వదిలింది.

"ఇలాగే తెస్తే ముప్పై కూడా దాటవండీ," అన్నారు లెక్చరరు.

మర్నాటి నుంచి క్లాసు అయ్యీ అవగానే ఎడిటింగు గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. షాపుకి ఆలస్యంగా వెళ్లి చివాట్లు తింది, మర్నాడు మళ్లీ కూర్చుంది. కోయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మూడో రోజు ఆ గది చూసుకునే ఆవిడ వచ్చి వెనక నిలబడింది.

"దేనికండీ భయం? ఇక్కడ కోస్తే పాడయ్యేదేం లేదు. బటన్ నొక్కితే మళ్లీ అతుక్కుంటుంది."

కోసింది మళ్లీ అతుక్కోవడమా? మాస్టరమ్మ నొక్కి చూసింది. నిజమే. అప్పుడే ఇంకో సంగతీ తట్టింది. గుడ్డ అంచును లోపలికి మడిచేస్తారు. సినిమాకు లోపల అనేదే లేదు, వదిలిందంతా పైకే కనిపిస్తుంది. ఇక ఆమె ఆగలేదు, గీత మీదే కోసుకుంటూ పోయింది.

చివరి షాటు దగ్గర చెయ్యి ఆగింది. తీసిన రోజు కెమెరా ఆపకుండానే తాను పక్కకు వెళ్లినప్పుడు జరిగింది అందులో ఉంది. గౌను మడిచి పక్కన పెట్టాక పెద్దమ్మ కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. నడుం నిటారుగా చేసి, పాఠం వినబోతున్నట్టు నేరుగా కెమెరాలోకి చూసింది. మొత్తం తొమ్మిది సెకన్లు. ఈ చదువును ఒక చదువుగా పెద్దమ్మ చూసింది అప్పుడే. మాస్టరమ్మ ఆ షాటును కోయకుండా అలాగే ఉంచేసింది.

పరీక్ష రోజు సినిమా ఐదు నిమిషాల తొమ్మిది సెకన్లు వచ్చింది.

"అతుకులు ఎక్కడా కనబళ్లేదు," అన్నారు లెక్చరరు. "ఆ చివరి తొమ్మిది సెకన్లు ఇప్పుడే తీసేయండి. ఐదు నిమిషాలు దాటితే మార్కులు తెగుతాయి. తెగాక నలభై ఉంటాయో లేదో చెప్పలేను."

"తీయనండీ."

"ఇదీ కుట్టుకేనా?"

"కాదండీ. అది మా పెద్దమ్మ. మార్కులే తీసేయండి."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ ఎవరిదో చొక్కా ముందేసుకుని కుట్లు విప్పుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఎన్నొచ్చాయే?"

సినిమా చదువు గురించి పెద్దమ్మ నోరు తెరిచి అడగడం ఏడాదిలో అదే మొదలు.

"నలభై వస్తే చాలు, నలభై రెండు వచ్చాయి. నీ మూలాన ఐదు కోసేశారు."

పెద్దమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది.

"రెండు అంచు వదిలాడుగా. మీ సారుకీ కటింగు వచ్చన్నమాట."