చుక్క వెలుగు, జావ కబురు

నిజాం కాలం చివరి రోజులవి. రామన్నపేట దిక్కు మా ఊళ్లో అధికారుల సామాను వెట్టికి మోయాలంటే పొలిమేర దాకానే; అక్కడ పక్క ఊరి మనిషి అందుకుంటాడు. ఆ ఊళ్లో మగవాళ్లు దొరక్కపోతే మాత్రం మోసేవాడు ఇంకా ముందుకు పోవాల్సిందే. మా బాపు అట్లా పోయి తిరిగి రాలేదు. ఎక్కడో దూరాన జ్వరంతో పడిపోయాడని తెలిసింది. సామాను కదిలినప్పుడే కబురూ కదిలేది. అమ్మకు అన్నం సయించేది కాదు.

బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, పట్నంలో చుక్కలు చూసే పెద్ద దుర్బీను ఉన్న బంగ్లాలో ఊడ్చి తుడిచేవాడు. సంగతి విని వచ్చాడు. పొద్దుగూకినాక వాకిట్లో కూర్చుని, మా ఏడుపు మరిపించాలని ఆకాశం చూపించాడు.

"గా చుక్క ఎలుగు మనదాక వచ్చేటాలకు తాతల కాలం పడుతదట. మనం జూసేది ఎన్నటిదో. ఇయ్యాల చుక్క ఉన్నదో, ఆరిపోయిందో!"

"నీది దుర్బీను తుడుసుడు పని బావా, చుక్కల్ని తుడుసుడు గాదు," అంది అమ్మ. చాలా రోజులకు నవ్వింది.

అంతలోనే, పొలిమేరలో సామాను దించి వచ్చిన పక్క ఊరి వెట్టి మనిషి కేకేశాడు: "అక్కా, మీ ఇంటాయన లేచి కూసున్నడట! జావ తాగిండట!"

అమ్మ చేతులెత్తి మొక్కింది. పొయ్యి ముట్టించబోయి ఆగి, "నువ్వు జూసినవా తమ్మీ?" అంది.

"నేనేడ జూసిన? అవతలూరాయన జెప్పిండు. ఆయనకు ఇంకో ఊరాయన."

అమ్మ పైకి చూసింది. తెల్లవారకముందే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. కబురు వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఒక ఊళ్లో "జావ తాగిండు" అన్నారు. దాని అవతల "తాగిండు గని కడుపుల నిలవలే" అన్నారు. ఇంకా అవతల "మనుషులను గుర్తువడతలేడు" అన్నారు. ఊరు దాటినకొద్దీ కబురు కొత్తదవుతోంది. అమ్మ నడక ఉరుకయింది. "జావ తాగిండట బిడ్డా, జావ తాగిండట," అని మొదటి మాటనే పట్టుకుని వేలాడింది. నేను ఇంటికి పోదామని కొంగు లాగాను. మా ఊళ్లో బాపు ఇంకా లేచి కూర్చునే ఉన్నాడు కదా.

చివరి ఊరు చేరాం. ఒకామె మాకు నీళ్లిచ్చి, చేను గట్టు కింది మట్టికుప్ప దిక్కు వేలు చూపించింది.

ఆ మట్టి ఎండకు బీటలు వారింది. అమ్మ మొక్కిన సాయంత్రానికే బాపు దాని కింద ఉన్నాడు.