మళ్ళీ బాప్తిస్మం అడిగిన మార్తమ్మ

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది జూన్‌లో నన్ను గిలకలదిండి సంఘానికి కాపరిగా బదిలీ చేశారు. విరమణకు ముందు అదే నా చివరి సంఘం. అక్కడ బాప్తిస్మాలు సముద్రం పోటు మీదున్నప్పుడు కాలవలో ఇస్తాం. నీరు తీస్తే మిగిలేది బురదే. బాప్తిస్మం ఇచ్చేముందు కాపరి, సంఘపెద్దలు కూర్చుని, అడిగినవారి విశ్వాసాన్ని విచారించడం పద్ధతి.

ఒకసారి ఆ విచారణకు మార్తమ్మ వచ్చింది. హార్బరు వేలంలో చేపలు కొని బందరు వీధుల్లో అమ్ముకునే మనిషి. అప్పటికే వేరే కాపరుల దగ్గర రెండుసార్లు బాప్తిస్మం పొందింది. మళ్ళీ కావాలంది.

"నిన్ను ముంచీ ముంచీ కాలవ ఇంకిపోయిందే మార్తా," అన్నాడు సంఘపెద్ద ఏసుదాసు. ఆయన మరబోటు నడిపే సరంగు.

"కాలవ నీ బోటు డీజిలు కారి చచ్చిందిలే మావయ్యా, నా మీదెందుకు తోస్తావ్!" అంది. అంతలోనే ఏడ్చేసింది.

ఆమెకు విజయవాడలో గుండె ఆపరేషన్ ఖాయమైంది. ఈలోగా వేలంలో రత్నం అనే ఆమెతో గొడవపడి, బిడ్డల్లేని ఆ మనిషిని "గొడ్రాలా" అని తిట్టింది. అప్పటినుంచి ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు మరణాన్ని తలుచుకుని అందరూ తినే రొట్టె పళ్ళెం తన ముందుకొస్తే ముట్టకుండా పక్కకు పంపేస్తోంది.

"ఆ మాటతో నా రక్షణ పోయిందండి అయ్యగారూ. మత్తులోనే ప్రాణం పోతే ఎక్కడికెళ్తానండి?"

బాప్తిస్మం ఒక్కసారే, మళ్ళీ ఇవ్వనన్నాను. తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని ప్రభువే చెప్పాడు. తిట్టడం పాపమే, తండ్రి దిద్దుతాడు గానీ ఇంట్లోంచి గెంటడు అని చెప్పాను.

ఏసుదాసుకు నచ్చలేదు. "అలా భరోసా ఇచ్చేస్తే ఇంక వేలంలో బూతులకి అడ్డేముంటుందండీ?" అన్నాడు. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదది. మార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఏసుదాసే ఆశ్చర్యపోతూ వచ్చి చెప్పాడు: వేలంలో అందరి ముందూ మార్తమ్మ రత్నం చేతులు పట్టుకుని క్షమాపణ అడిగిందట. ఇదివరకటి గొడవల తర్వాత ఎవరినైనా అలా అడిగావా అని, మార్తమ్మ కనబడినప్పుడు అడిగాను.

"లేదండి. నరకం భయంతో కాలవకి పరిగెత్తేదాన్ని. నా గోలే నాది. దేవుడు నన్ను వదల్లేదని తెలిశాక, పాపం, ఆ రత్నం గుర్తొచ్చిందండి."

ఆ ఆదివారం రొట్టె పళ్ళెం ఆమె ముందుకు తెచ్చింది ఏసుదాసే. ఆమె తీసుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. నోరు మాత్రం పూర్తిగా మారలేదు.

దేవుడిచ్చిన రక్షణ ఎన్నటికీ పోదనే నిత్యభద్రత బోధను నేను అంతవరకూ మరణభయానికి ఊరటగానే ప్రకటించాను. తన రక్షణ గురించి నిశ్చింత కలిగినవాడికే పొరుగువాడి గాయం కనబడుతుందని అక్కడ తెలిసింది. ఆ తర్వాత విరమణ వరకూ, మళ్ళీ బాప్తిస్మం కావాలని వచ్చినవారిని ముందు ఒకే ప్రశ్న అడిగాను: ఎవరిని నొప్పించి వచ్చారు?