నాయన చొక్కాలో అమ్మ ఫోటో

మా చిన్నప్పుడు ఫోటో తీయాలంటే ముందు మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టేవాళ్లు... ముఖానికి పౌడరు, ఎదురుగా సూర్యుడు, కదలొద్దని కేక. కళ్లలో నీళ్లు తిరిగేవి. అందుకే మా పాత ఫోటోలన్నిటిలోనూ అందరం ఎవరినో తిట్టబోతున్నట్టే ఉంటాం.

మాది నిమ్మనపల్లె దగ్గర చిన్న పల్లె. టమాటా, వేరుశనగ, కొన్ని గొర్రెలు. నాయన పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు కాయలు తీసుకుపోతే ఏ సాయంత్రానికో వచ్చేవాడు. చేను మొత్తం అమ్మ మీదే నడిచేది.

పుంగనూరులో మా మేనత్త ఇల్లు. ఆమె హాల్లో గోడకు పేద్ద ఫ్రేము... పుట్టింటివాళ్ల ఫోటోలన్నీ ఒకే అద్దం కింద అంటించి పెట్టుకుంది. తాత, అవ్వ, నాయన, చిన్నాయన, చిన్నమ్మ, చివరికి పిల్లలం మేము కూడా ఉన్నాం. మా అమ్మ ఒక్కతే లేదు. నాయన పక్కన ఖాళీ అట్ట కనిపిస్తూ ఉండేది.

మంచి ఫోటో ఇస్తే పెడతాననేది అత్త. ఇచ్చినవేవీ ఆమెకు మంచివి కాలేదు. ఒకదాంట్లో అమ్మ కళ్లు మూసుకుంది. ఇంకోదాంట్లో స్టూడియో అతను దిద్ది దిద్ది ముఖాన్ని పిండిబొమ్మ చేశాడు. నల్లగా ఉండేవాళ్లు ఫోటోలో బాగా పడరని అత్త అంటే అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆ వేసవిలో కుప్పం నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి తన రీలు కెమెరా నా చేతిలో పెట్టి పోయాడు. ఇంకేముంది... అమ్మ ఫోటో నేనే తీస్తాను, ఆ ఖాళీలో నేనే పెట్టిస్తాను అని పట్టు పట్టాను.

మొదటి రీలు మొత్తం పాడు చేశాను. అందరిలాగే నేనూ అమ్మను ఎండలో నిలబెట్టాను. చేను, గుట్ట, ఆకాశం అన్నీ పడాలని వెనక్కి వెనక్కి జరిగాను. మదనపల్లెలో కడిగించి చూస్తే కళ్ల చుట్టూ మసి పూసినట్టు, ముక్కు కింద మీసం మొలిచినట్టు నీడలు. కొన్నిటిలో అమ్మ అగ్గిపుల్లంత ఉంది. రీలు అయిపోవాలని ఊరికే నొక్కిన చివరి ఫోటో ఒక్కటే బాగొచ్చింది... వసారా నీడలో కట్టేసిన గొర్రెపిల్ల. దాని కళ్లు మిలమిలలాడుతున్నాయి. ఇంట్లో ఒకటే నవ్వులు. మనుషుల కంటే గొర్రె నయమన్నారు.

నేను నవ్వలేదు. ఆ ఫోటో పట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. అది నల్ల గొర్రెపిల్ల. కాటుక లాంటి నలుపు. అయినా ఎంత బాగా పడిందో! అంటే తప్పు రంగుది కాదు, ఎండది. గొర్రెపిల్ల నీడలో ఉంది, నేను దాని ముందు గొంతుక్కూర్చుని దగ్గరగా తీశాను. అంతే తేడా.

మామను బతిమాలి ఇంకో రీలు తెప్పించుకున్నాను. కోత రోజు... చేని గట్టున చింతచెట్టు నీడలో అమ్మ కాయలు ఏరి క్రేట్లలో వేస్తోంది. చీర మీద నాయన పాత చొక్కా, తలకు తువ్వాలు. ఆకు పసరు చేతులకు అంటకుండా మా వైపు ఆడవాళ్లు టమాటా చేలోకి అలాగే దిగుతారు. కెమెరా చూడగానే అమ్మ గుండీలు విప్పబోయింది. ఇంటికి పోయి పట్టుచీర కట్టుకుని వస్తానంది. చొక్కాతో తీస్తే మీ అత్త ఏమంటుందోనని భయపడింది.

"గొర్రిపిల్ల ఏమన్నా పౌడరు పూసుకోనుండిందా మా?" అన్నాను.

అమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే తలెత్తి నన్ను చూసింది. అప్పుడు నొక్కాను.

ఫోటో వచ్చాక అమ్మ దాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత పుంగనూరు పోయినప్పుడు తనే తీసి అత్త చేతికిచ్చింది. అత్త మొహం చిట్లించింది.

"కూలికొచ్చిన దాని మాదిరి ఉండాది. దీన్ని హాల్లో యాడ పెట్టేది?"

అమ్మ గొంతు పెంచలేదు.

"ఈ సొక్కా మీ తమ్ముడిదే వదినా. ఆయన మార్కెట్టు కాడ ఉంటే, ఇది ఏసుకోని సేద్యం సేసేది నేను. దీన్ని యాల దాసిపెట్టాల?"

అని, కుర్చీ జరుపుకుని ఎక్కి, ఫ్రేము తనే దించింది. వెనక మేకులు వంచి, అట్ట తీసి, నాయన పక్కన తన ఫోటో తనే అంటించుకుంది. అత్త కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు నేను మదనపల్లెలో ఆరుబయట ఫోటోలు తీస్తాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏ కెమెరా కొనాలని అడుగుతారు. ముందు మనిషిని నీడలోకి తీసుకురమ్మంటాను... దగ్గరికి పొమ్మంటాను, నవ్వమని అడక్కుండా నవ్వించమంటాను. కొంచెం తెల్లగా చేయమని అడిగేవాళ్లకు మాత్రం ఏదైనా స్టూడియో చూసుకోమని చెప్తాను. బేరం పోతే పోనీ.

అత్త ఇంట్లో ఆ ఫ్రేము తీసేసి టీవీ పెట్టారు. ఫోటో నా దగ్గరికొచ్చింది. మొన్న మా పాప దాన్ని తన ఫోన్లో తీసి చూపించింది... ఫోను దానంతటదే అమ్మను తెల్లగా చేసేసింది! అప్పట్లో నలుపు బాగోదని చెప్పడానికి అత్త ఒక్కతే ఉండేది, ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక అత్త ఉంది. పాప చేతే ఆ ఫిల్టరు తీసేయించి, ఏమీ దిద్దకుండా మళ్లీ తీయించాను.

ఈ పోస్టుతో పెట్టింది ఆ ఫోటోనే. మీ అమ్మ పనిబట్టల్లో ఉన్న ఫోటో మీ దగ్గర ఉంటే కింద పెట్టండి... ఏదీ చెరపకుండా. లేకపోతే ఇవాళే ఆమెను కాసేపు నీడలోకి పిలవండి.

మా అమ్మ నలుపు. చూడండి, ఎంత బాగా పడిందో.