కంప్లైంట్ బుక్ లేని చోటు

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. రొమ్ముకి డప్పులాంటి రేకు గుల్ల, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని షెడ్డు మనుషులతో తప్పెటగుళ్ళు ఆడేవాడు. ఆయన పోయాక ఆ జట్టులో ముగ్గురే మిగిలారు. ఈ హిందీ ఊళ్ళోని మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో వాళ్ళకి పది నిమిషాలు ఇమ్మని అడిగాను. సంఘం కార్యదర్శి కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు. నవ్వాడు.

"జాతర గంతులు కదండీ అవి! నేనెప్పుడూ చూడలేదు. ఏదైనా వీడియో ఉంటే చూపించండి, ఆలోచిద్దాం."

గంతులట. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఇంటర్నెట్‌లో వీడియోలు అప్పుడప్పుడే ఎక్కువవుతున్నాయి. నేనూ రైల్వేలోనే; డ్యూటీ దిగగానే మా కాలనీ పక్కనున్న తార్‌బహార్‌లోని ఇంటర్నెట్ షాపుకి వెళ్ళేవాణ్ణి. తప్పెటగుళ్ళు అని కొడితే పేజీ నిండా వచ్చాయి. ఒక్కొక్కటి తెరుచుకోవడానికి పావుగంట. తెరుచుకున్నాక చూస్తే సినిమా డ్యాన్సు! ఇంకోటి తెరిస్తే హీరో ఫొటో, దాని వెనక డప్పు మోత. వారం రోజులు ఇదే మోసం.

రైల్వేలో అన్యాయం జరిగితే కంప్లైంట్ బుక్ అడుగుతాం. ఆ అలవాటు చొప్పున, ఆ సినిమా డ్యాన్సు కింద ఖాళీ గడిలో రాశాను: "పేరొకటి, లోపల మరొకటి. ప్రేక్షకుల సమయం వృథా. మూడు రోజుల్లో తగు చర్య తీసుకుని తెలియజేయగలరు." కింద నా హోదా కూడా పెట్టాను.

షాపు యజమాని మా కాలనీవాడే. పగలబడి నవ్వాడు. "ఏటి అంకుల్, స్టేషన్ అనుకున్నారేటి? అక్కడ మాస్టర్ ఎవడూ కూర్చోడు. ఛోడో నా!"

వదల్లేదు. రోజూ వెళ్ళి చూశాను. నా రాత కింద ఎవరెవరో వెక్కిరింపులు రాశారు. నాలుగో రోజున మాత్రం ఒకాయన, "బావూ, ఇది మా ఊరిది, చూడండి" అని ఒక లింకు పెట్టాడు.

తెరిచాను. పేరు లేదు, కెమెరా ఇచ్చిన అంకెలే ఉన్నాయి. ఎన్నేళ్ళు వెతికినా ఎవరికీ దొరకదు. లోపల పదహారు మంది గుండ్రంగా తిరుగుతూ గుల్లలు వాయిస్తున్నారు. మా నాన్న లాగే ఒకాయన మోకాళ్ళు వంచి ఎగిరాడు. పేరున్నవన్నీ దొంగ సరుకు, అసలుదానికి పేరే లేదు!

ఆదివారం కార్యదర్శిని షాపుకి తీసుకొచ్చాను. అతను వచ్చేసరికే వీడియో పూర్తిగా తెరిపించి, మౌస్ ఎవరూ ముట్టుకోకుండా కాపలా కూర్చున్నాను. చివరిదాకా కదలకుండా చూశాడు.

"అద్భుతం అండీ! దీన్నే తెర మీద వేసేద్దాం. పాపం, ఆ ముసలాళ్ళకి శ్రమ ఎందుకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. టక్కున మూసేశాను.

"చూశారు కదా. కావాలంటే మనుషుల్ని పిలవండి."

"లింకు ఇవ్వండి సార్."

"ఇవ్వను. వెతుక్కోండి."

వెతుక్కున్నాడు. ఆ సినిమా డ్యాన్సులన్నీ అతనూ చూశాడని, కింది రాతలు మాత్రం చదవలేదని షాపు యజమాని చెప్పాడు. నాలుగో రోజున మా క్వార్టర్‌కి వచ్చాడు.

"ఆ ముగ్గురు ఎక్కడుంటారండీ?"

కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, అడ్రసులు రాసిచ్చాను. లింకు మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు.