ఎవల పేరు మీద ఏడ్వాలె?

మా పెద్దమ్మ పోయిందన్న కబురు పొద్దున్నే వచ్చింది. బోనకల్ దగ్గరి మా ఊరికి బస్సెక్కి కూర్చున్నానో లేదో, ఫోనుకు ఇంకో మెసేజీ. పోయిన చలికాలం పెద్దమ్మను తన పాటల పండుగకు పిలిచిన నిర్వాహకుడు పంపాడు. చేతులు జోడించిన బొమ్మ, దాని కింద ఒక కోరిక: "ఊళ్లో ఆడవాళ్లు ఆమె మీద శోకాలు పెడతారు కదా, కాస్త రికార్డు చేసి పంపగలరా? ఈసారి స్టేజీ ఆమెకే అంకితం." నాకు రోత పుట్టింది. ఫోను సంచిలో పడేశాను.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్న భార్య. చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురు పోయేది. శవం పక్కన కూర్చుని, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ, వాళ్ల బతుకంతా రాగం తీసి ఏడ్చేది. పోయినాయన పిసినారి అయితే అదీ వదిలేది కాదు. "చచ్చినోళ్లకు అబద్ధం చెప్తే వాళ్లు ఇల్లిడిచి కదలరు బిడ్డా," అనేది. ఏడ్చి వచ్చి, తలస్నానం చేసి, పచ్చిపులుసుతో కడుపునిండా తిని టీవీ ముందు కూర్చునేది. సీరియల్లో ఎవరైనా ఏడిస్తే మాత్రం చీదరించుకునేది. "థూ! గంత ఏడుస్తుంటే కాటుక చెదరదేంది దీనికి?"

మా నాన్న పోయినరోజు నాకు కన్నీళ్లు రాలేదు. చుట్టాలు గుసగుసలాడుతుంటే, "దానికి లోపట్నే ఇంకిపోయినయ్, మీరు గమ్మునుండుర్రి," అని కసిరి, నా వంతు కూడా తనే ఏడ్చింది. ఆ సాయానికి బదులు తీర్చే దారి నాకు తెలియదు.

పోయిన చలికాలం ఆ బ్లూస్ పాటల పండుగకు పిలుపొచ్చినప్పుడు, బ్లూస్ అంటే ఏందని ఆమె అడిగితే, అమెరికాలో నల్లవాళ్లు పత్తి చేలల్లో పడ్డ గోసలోంచి పుట్టిన పాట అని చెప్పాను. "పత్తేరినోళ్లా? అయితే మనోళ్లే. పోదాం పా," అని పెట్టెలోంచి గద్వాల చీర తీసింది. మైకంటే ఆమెకు చిన్నపిల్లకున్నంత మోజు.

పాల్వంచ దాటాక, భద్రాచలం దారిలో, అడవి అంచున ఒక రిసార్టు. టేకుచెట్ల నడుమ చిన్న స్టేజీ, దాని మీద ప్లాస్టిక్ తాటాకులు. నిజం తాటిచెట్లు గేటు బయటే ఉన్నాయి. బీరు, దోమల మందు, తాత్కాలిక మరుగుదొడ్ల కంపు కలిసి ఒకే వాసనయింది. పక్క ఆదివాసీ గూడెం నుంచి తెచ్చిన కొమ్ముల తలపాగాను ఒకరి తల మీంచి ఒకరు మార్చుకుంటూ హైదరాబాదు పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. ఆ కొమ్ముల సొంతదారులు బయట కార్లకు దారి చూపిస్తున్నారు.

ఒక్క మనిషి మాత్రం బాగా పాడాడు. షిల్లాంగ్ నుంచి వచ్చిన నడివయసాయన, గిటారు మీదికి వంగి, ఎవరి వైపూ చూడకుండా. పెద్దమ్మ బిర్యానీ ప్లేటు కింద పెట్టేసింది. "భాష తెల్వదు గని, ఈయనకు ఎవలో పోయిండ్రు," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెనక ఎవరో, "బ్రో, చికెన్ అయిపోయిందంట!" అని అరిచాడు.

తన వంతు రాగానే పెద్దమ్మ నాట్ల పాట ఎత్తుకుంది. ఖంగుమంది గొంతు. రెండు చరణాలైనా కాకముందే నిర్వాహకుడు స్టేజీ ఎక్కాడు.

"ఇది కాదమ్మా. చావు దగ్గర ఏడుస్తారే, అది."

"ఎవలు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదమ్మా. ఊరికే."

"ఊరికే ఏడుపేంది? శవం లేంది శోకం పెడితే, అది శవాన్ని దేవులాడుకుంట తిరుగుతది."

"రెండే నిమిషాలమ్మా, ప్లీజ్. జనం దానికోసమే వచ్చారు."

మైకులోంచి అంతా వినపడుతోంది. జనం ఈలలు వేస్తున్నారు.

"సరే అయ్యా. పేరు పెట్టకుంటే ఏడుపు రాదు. ఎవల పేరు మీద ఏడ్వాలె? మీ అమ్మ ఉందా?"

"ఉంది."

"పేరు చెప్పు."

అతను జనం వైపు తిరిగి నవ్వబోయాడు.

"పోనీ నీ పేరు మీదనే ఎత్తుకోనా?"

అతని చెయ్యి మైకు స్విచ్చి వెతుక్కుంది. ఈలలు ఆగిపోయాయి. ఆమెకు శాలువా కప్పి, ఫోటో దిగి, కిందికి దించేశారు. తిరుగు బస్సులో పెద్దమ్మ, "నా పాట సగంల ఆపిండు, వాని నోట్ల మన్నువడ," అంది. మిగిలిన చరణాలు ఖమ్మం వచ్చేదాకా పాడింది. కండక్టరు కూడా వద్దనలేదు.

అలాంటి మనిషి మీది ఏడుపు ఇప్పుడతనికి ఫోనులో కావాలట!

నేను చేరేసరికి వాకిట్లో ఫ్రీజర్ పెట్టె, అద్దం కింద పెద్దమ్మ. చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు గాని, రాగం ఎత్తేవాళ్లు లేరు. ఎత్తే మనిషే లోపల ఉంది. వరసకు నా తమ్ముళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు ఏ నిర్వాహకుడూ చెప్పలేదు. అతని మీద ఎంత రోత పుట్టిందో, వీళ్ల మీదా అంతే పుట్టింది.

అప్పుడు పక్కింటామె వచ్చింది. ప్రహరీ గోడ తగాదాతో పెద్దమ్మకూ ఆమెకూ ఏళ్లుగా తిట్లే తప్ప మాటల్లేవు. వచ్చి నేల మీద చతికిలబడి, "పొద్దుగాల లేసి ఇగ ఎవల తిట్టాలెనే అక్కా... నన్ను తిట్టెటోళ్లు ఎవలున్నరే..." అని ఎత్తుకుంది. ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి.

"దించుర్రా!" అని నేను అరిచాను. ఎవరూ దించలేదు.

ఆమె వాటి వైపు ఒకసారి చూసింది. కొంగు తల మీంచి ముందుకు లాక్కుని, అద్దం మీదికి వంగి, గొంతు తగ్గించింది. తర్వాతి మాటలు మాకెవరికీ వినపడలేదు. కొంగు కింద ఆమె ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టడం, ఆమె దాన్ని అరచేత్తో తుడవడం, మళ్లీ పట్టడం కనపడుతూనే ఉంది.