సీలు విప్పని యాసిడ్ క్యాను

ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్ళుందనగా, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, ఏలూరు శివార్లలో కైకలూరు రోడ్డు మీదున్న ఒక ఫిజియోథెరపీ కేంద్రాన్ని నాకు అప్పజెప్పారు. బాయిలర్లకూ హీటర్లకూ వాడే నీటిని శుద్ధి చేసే ఒక కంపెనీలో నేనప్పుడు సీనియర్ కెమిస్టుని. మకాం తాడేపల్లిగూడెం. నా కింద ఇద్దరు జూనియర్లు, నా పైన విజయవాడలో బ్రాంచి మేనేజరు. నేను చూడవలసినవి మొత్తం పద్నాలుగు చోట్లు. వాటిలో ఎక్కువ రైసు మిల్లుల బాయిలర్లు, నల్లజర్ల వైపు ఒక నూనె మిల్లు. మనుషులు దిగే నీళ్ళ బాధ్యత మీద పడడం నాకు అదే మొదటిసారి.

ఆ కేంద్రంలో నడుము లోతు పూల్ ఒకటి కట్టారు. పక్షవాతం వచ్చినవాళ్ళనూ, మోకాళ్ళకు ఆపరేషన్ అయినవాళ్ళనూ అందులో నడిపిస్తారు. నీళ్ళలో ఒంటి బరువు తెలియదు, వెచ్చదనానికి బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. ఆ నీరు ఎప్పుడూ ముప్ఫై నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ పని గ్యాసు హీటరుది. హీటరు లోపల రాగి గొట్టాలుంటాయి. గొట్టంలో నీరు పారుతుంది, గొట్టం కింద మంట మండుతుంది.

ఇంట్లో బకెట్లో వేసే హీటరు కాయిలు మీద తెల్లగా పెచ్చు కట్టడం అందరూ చూసిందే. నీటిలో కరిగిన సున్నం వేడి తగిలిన చోట అలా గట్టిపడుతుంది. పూల్ హీటరులోనూ జరిగేది అదే, కాకపోతే కంటికి కనిపించదు. దాన్ని ఆపాలంటే నీటిలో మూడు కొలతలు అదుపులో ఉండాలి. పీహెచ్ ఏడుంబావు, ఏడున్నర మధ్య ఉండాలి. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ను కదలకుండా పట్టి ఉంచే క్షారగుణం, లీటరుకు వంద మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉండాలి. కాల్షియం మితంగా ఉండాలి. ఇవి పెరిగితే గొట్టానికి పెచ్చు పడుతుంది. మరీ తగ్గితే నీరే రాగిని తినేస్తుంది. పీహెచ్ పెరిగినప్పుడల్లా పల్చటి యాసిడ్ కొలిచి కలపాలి. పూల్ ప్రారంభించిన రోజున ఇదంతా ఒక చార్టు మీద రాసి పంపు గదిలో గోడకు అంటించి, ఇరవై లీటర్ల యాసిడ్ క్యాను ఒకటి పక్కన పెట్టించి వచ్చాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

ఆ పూల్‌కు ఆపరేటరు వీర్రాజు గారు. ఆకివీడు మనిషి, యాభై దాటాయి. పదిహేడేళ్ళు రొయ్యల చెరువుల మీద నీటి పరీక్షలు చేసి, ఆ పని మానుకుని ఇక్కడ చేరారు. జీతం కోసం చేరలేదు. ఆయన భార్య సత్యవతి గారికి అంతకు ఏడాది ముందు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. కేంద్రంలో పనిచేసేవాళ్ళ కుటుంబానికి పూల్ వైద్యం ఉచితం. ఆవిడ వారానికి నాలుగు రోజులు అందులో దిగేవారు. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ వైద్యం.

చెరువుల మీద నుంచి వచ్చినవాళ్ళంటే నాకు చిన్నచూపు ఉండేది. డిగ్రీ చదివిన కెమిస్టులకు సాధారణంగా ఉండే రోగమే అది. నిజానికి నీటిని ఆయన నాకంటే శ్రద్ధగా చూసేవారు. చెరువు అలవాటు ప్రకారం తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పరీక్ష చేసేవారు. పూల్‌కు రోజుకొకసారి చాలు. రిజిస్టరులో ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టు ఉండేవి.

నాలుగో రోజున ఫోన్ చేసి ఒక సందేహం అడిగారు. "ఏవండీ, మనుషులు దిగే నీళ్ళలో యాసిడ్డాండీ? మా చెరువుల్లో అయితే ప్రాణమున్న నీళ్ళలో యాసిడ్ మాట ఎత్తమండీ."

అప్పుడు నేను ఒక మిల్లులో బాయిలరు పక్కన చెమటలు కక్కుతూ ఉన్నాను. విసుక్కున్నాను. మీరు రీడింగులు రాయండి, మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఆయన "అలాగేనండీ" అన్నారు.

ఆయన ఎందుకలా అడిగారో అప్పుడు నేను ఆలోచించలేదు. రొయ్య పైపెంకు వదిలేసి కొత్తది వేసుకుంటూ పెరుగుతుంది. ఆ పెంకు గట్టిపడాలంటే నీటిలో సున్నం ఉండాలి, ఆల్కలినిటీ ఎక్కువ ఉండాలి, పీహెచ్ ఎనిమిది దాటినా మంచిదే. పీహెచ్ పడిపోయిందంటే చెరువు గట్టు మీద రైతుకు నిద్ర ఉండదు, వెంటనే సోడానో సున్నమో చల్లిస్తాడు. కొల్లేటి చుట్టుపక్కల నీటిని చూసేవాళ్ళందరిదీ ఇదే పాఠం. ఆ పాఠంతోనే వీర్రాజు గారు పూల్‌ను చూశారు. పీహెచ్ ఏడున్నరకు దిగినప్పుడల్లా కంగారుపడి వంటసోడా కలిపారు. ఎనిమిది దాటితే నీళ్ళు బాగున్నాయని సంతోషించారు. రొయ్యలకు అది పండగే. హీటరుకు మాత్రం విషం.

ఒక గ్లాసుడు పూల్ నీళ్ళలో రెండు చుక్కల పల్చటి యాసిడ్ వేసి, దాని ఘాటు నీటిలో ఎలా విరిగిపోతుందో, పీహెచ్ ఎంత దిగి ఆగుతుందో చూపిస్తే ఆయనకు పది నిమిషాల్లో తెలిసిపోయేది. ఆ పది నిమిషాలు నేను ఇవ్వలేదు.

నెలకొకసారి తనిఖీకి వెళ్ళడం నా విధి. ఆపరేటరు రాసిన రీడింగులు చూసి, నా కిట్‌తో మరోసారి పరీక్ష చేసి, రిజిస్టరులో చివరి గడిలో సంతకం పెట్టాలి. నేను వెళ్ళేవాణ్ణి. వీర్రాజు గారు కాఫీ తెప్పించేవారు. పంపు చప్పుడు విని, ప్రెషరు గేజీ చూసి, ఆయన చక్కటి దస్తూరీ చూసి, కాఫీ తాగుతూ సంతకం పెట్టేవాణ్ణి. అంకెలు చదవలేదు. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా పది సంతకాలు పెట్టాను. పీహెచ్ ఎనిమిదిన్నర అని ఆయన రాసిన పేజీలోనూ, "వంటసోడా రెండు కిలోలు" అని రాసిన పేజీలోనూ నా సంతకం ఉంది. ఆయన ఏదీ దాచలేదు.

వేసవిలో కాలవలకు నీళ్ళు కట్టేసినప్పుడు పూల్‌కు ట్యాంకర్లలో బోరు నీళ్ళు తెచ్చి పోశారు. ఆ నీటిలో సున్నం ఎక్కువ. క్రిములు చంపడానికి వేసే బ్లీచింగ్ పౌడరులోనూ సున్నం ఉంటుంది. ఇటు సున్నం, అటు సోడా, వాటి మధ్య వేడి గొట్టం. ఇంకేం కావాలి?

డిసెంబరు మొదట్లో ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. "హీటరు లోపల అన్నం కుతకుతలాడినట్టు చప్పుడొస్తోందండీ. ఒకసారి వచ్చి చూస్తారాండీ?" అన్నారు. ఆ చప్పుడు దేనికి వస్తుందో మా వృత్తిలో ట్రైనీకి కూడా తెలుసు. పెచ్చు కింద చిక్కుకున్న నీరు అక్కడికక్కడే మరిగి ఆవిరవుతుంటే వచ్చే చప్పుడది. లైనులో గాలి ఉంటుంది, వాల్వు తిప్పి వదిలేయండని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ వారం నాకు గూడెంలో రెండు బాయిలర్ల ఇన్‌స్పెక్షన్ ఉంది. మరో నాలుగు రోజులకు గొట్టం పగిలి, నీళ్ళు మంట మీద పడి, హీటరు పూర్తిగా పాడైపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం.

హీటరు విప్పి చూస్తే రాగి గొట్టం లోపల పావంగుళం మందాన పెచ్చు ఉంది. పంపు గదిలో మూల యాసిడ్ క్యాను దుమ్ము పట్టి ఉంది. సీలు కూడా విప్పలేదు. దాన్ని చూడగానే నాకు కోపం రావాలి. రాలేదు. ఊరట కలిగింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

యాసిడ్ ఎందుకు వాడలేదని అందరి ముందూ గద్దించి అడిగాను.

"పొయ్యడానికి చెయ్యి రాలేదండీ. ఆ నీళ్ళలో మా ఆవిడ కూడా దిగుతుంది కదండీ. రీడింగులన్నీ రాస్తూనే ఉన్నాను. తేడా ఉంటే మీరు చెప్తారు కదా అనుకున్నానండీ" అన్నారాయన.

బ్రాంచి మేనేజరుకు ఫోన్ చేశాను. నీటి కొలతలు తప్పి హీటరు పోతే మన కంపెనీ గ్యారంటీ వర్తించదని, అందుకని కారణం స్పష్టంగా రాయమని ఆయన అన్నారు. అబద్ధం రాయమని అనలేదు. నేనూ రాయలేదు. "నిర్దేశించిన యాసిడ్‌ను ఆపరేటరు ఒక్కసారి కూడా వాడలేదు. అనుమతి లేకుండా సోడా కలిపారు. పీహెచ్ నెలల తరబడి పరిమితి దాటి ఉంది" అని రాశాను. రిజిస్టరులోని అంకెలను టైపు చేయించి పట్టికగా జతచేశాను. తేదీ, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, అన్నీ ఉన్నాయి. తనిఖీ సంతకం గడి ఒక్కటే ఆ పట్టికలో లేదు. దాన్ని తీసేయమని టైపిస్టుకు చెప్పింది నేనే.

కేంద్రం నడిపే డాక్టరమ్మ ఆ రిపోర్టు చదివి వీర్రాజు గారిని పనిలోంచి తీసేశారు. నా రిపోర్టును నమ్మారు, ఆవిడ తప్పేమీ లేదు.

ఆయన తన టెస్ట్ కిట్టు, టవలూ సర్దుకుంటూ ఉండగా నేను పంపు గదిలో ఉన్నాను. మాట్లాడకుండా ఉండలేక, రిజిస్టరు డాక్టరమ్మ గారికి చూపించలేకపోయారా అన్నాను. గుండెలు తీసిన బంటు అంటారే, ఆ రోజు నేను అలాంటివాణ్ణి. ఆయన నా వైపు చూసి, గొంతు పెంచకుండానే, "మీరే చెప్తారనుకున్నానండీ" అన్నారు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఏడాది దాటాక ఆకివీడులో ఒక ఐసు ఫ్యాక్టరీ పని మీద వెళ్ళి, వాళ్ళిల్లు కనుక్కుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. వీర్రాజు గారు చెరువుల మీద ఉన్నారు, మళ్ళీ అదే పని. సత్యవతి గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఆ పూల్ నీళ్ళు చూసే కంపెనీ మనిషినని చెప్తే కూర్చోమని, పక్కింటి అమ్మాయిని పిలిచి మజ్జిగ ఇప్పించారు. నడక ఎలా ఉందండీ అని అడిగాను.

"నీళ్ళలో పదకొండు అడుగులు వేశానండీ, ఎవరూ పట్టుకోకుండానే. నేల మీద ఒకటి కూడా పడట్లేదు. నెల రోజులు ఆగితే మెట్లు కూడా ఎక్కిస్తామన్నారండీ అప్పట్లో" అన్నారు. "ఆ హీటరు బాగైందాండీ?" అని కూడా అడిగారు.

కొత్తది పెట్టారని, రెండు నెలల్లోనే పూల్ మొదలైందని చెప్పాను.

"పోనీలెండి. మిగతావాళ్ళయినా నడుస్తారు" అన్నారావిడ. నేను మజ్జిగ గ్లాసును తలుపు దగ్గర పెట్టేసి వచ్చేశాను. సంగతి ఇదీ అని ఆవిడకు కూడా చెప్పలేకపోయాను.

ఆ తర్వాత నేను వేసిన ప్రతి చార్టులోనూ మందు పేరు పక్కన అది ఎందుకు వేయాలో, వేస్తే నీటికి ఏమవుతుందో రాశాను. చెరువుల నుంచి వచ్చిన ఆపరేటరైతే గ్లాసులో చేసి చూపించాను. నా కిట్‌తో పరీక్ష చేయకుండా ఎక్కడా సంతకం పెట్టలేదు. ఇదంతా చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. కాలింది నా చేతులు కావు కూడా.

ఉద్యోగ విరమణకు నెల ముందు, మూల రిజిస్టరులోని నా పది సంతకాల సంగతీ, రెండు ఫోన్ల సంగతీ రాసి, డాక్టరమ్మ గారికీ, బ్రాంచికీ చెరొక ఉత్తరం పంపాను. ఫైలు మూసేశామని బ్రాంచి నుంచి జవాబు వచ్చింది. డాక్టరమ్మ నాకు ఏమీ రాయలేదు. వీర్రాజు గారికి మాత్రం మళ్ళీ పనిలోకి రమ్మని కబురు చేశారట. పగలంతా చెరువుల మీదే ఉండాలి, ఇప్పుడు వదిలి రావడం కుదరదని ఆయన అన్నారని తర్వాత తెలిసింది.

ఒక రిపోర్టులో ప్రతి వాక్యమూ నిజమే అయినా ఆ రిపోర్టు అబద్ధం కావచ్చు. నా ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నవాటిలో నాకు కచ్చితంగా తెలిసింది ఇది. ఆ డిసెంబరులోనే ఉన్నదున్నట్టు రాసి ఉంటే నా ఉద్యోగం పోయేది కాదు. సీనియర్ కెమిస్టుకు అలాంటి పొరపాటుకు ఇచ్చేది ఒక మెమో, ఒక ఇంక్రిమెంటు కోత. అంతకు మించి ఏమీ ఉండదని రిపోర్టు రాస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు.